టోర్నడో షెల్టర్‌కు తలుపు ఎంచుకోవడం ఎలా: అమెరికాలో ఇల్లున్న తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్, ఆర్కన్సాస్ రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లో స్టార్మ్ షెల్టర్, అంటే టోర్నడో అనే భీకరమైన సుడిగాలి వచ్చినప్పుడు తలదాచుకునే పటిష్ఠమైన గది, పెట్టించుకోవాలనే ఆలోచనకు వస్తారు. అమ్మేవారితో మాట్లాడేటప్పుడు గోడల మందం ఎంత, గ్యారేజీలో ఎంత చోటు పడుతుంది, ఎంతమంది పడతారు, ధర ఎంత అని అన్నీ అడుగుతారు కానీ, తలుపు గురించి మాత్రం దాదాపు ఏమీ అడగరు. నిజానికి ఆ గదిలో కదిలే భాగం తలుపు ఒక్కటే, గోడలో ఉన్న అతి పెద్ద ఖాళీ కూడా అదే. మామూలు ఇళ్ళకూ దుకాణాలకూ వాడే ఉక్కు తలుపులు టోర్నడో విసిరే శకలాల దెబ్బకు నిలవలేవనీ, అవి విఫలమైన చోట తీవ్ర గాయాలూ మరణాలూ సంభవించాయనీ అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా స్పష్టంగా చెప్పింది. ఇళ్ళలోని సేఫ్ రూమ్ (ఇలాంటి షెల్టర్ గదికి ఫెమా వాడే పేరు) తలుపుల గురించే ఆ సంస్థ ప్రత్యేకంగా ఒక సూచన పత్రం విడుదల చేయడానికి కారణం అదే. అందుచేత తలుపును షెల్టర్‌తో పాటు వచ్చే వస్తువుగా కాకుండా, మొట్టమొదట తేల్చుకోవలసిన విషయంగా చూడమని నా మనవి.

ముందుగా, తలుపు మీద పడే భారం ఎంతో తెలుసుకోండి

కోస్తా ఆంధ్రలో పుట్టి పెరిగినవారికి తుపాను గాలి కొత్తేమీ కాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. ఇళ్ళలోని టోర్నడో షెల్టర్లకు ఫెమా మార్గదర్శకాలు నిర్దేశించే గాలి వేగం గంటకు 250 మైళ్ళు, అంటే దాదాపు 400 కిలోమీటర్లు. రెండింటినీ కొలిచే పద్ధతి ఒకటి కాదు కాబట్టి నేరుగా పోల్చడం పూర్తిగా సరికాకపోయినా, గాలి వేగం రెట్టింపైతే అది కలిగించే ఒత్తిడి నాలుగు రెట్లవుతుందన్న సూత్రాన్ని గుర్తుంచుకుంటే తేడా ఏ స్థాయిలో ఉంటుందో అర్థమవుతుంది. ఇంకొక తేడా కూడా ఉంది. తుపాను వస్తోందని మనకు రోజుల ముందు తెలుస్తుంది. టోర్నడో హెచ్చరిక వచ్చాక చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే.

గంటకు 250 మైళ్ళ గాలి ఒక చదరపు అడుగు మీద కలిగించే ప్రాథమిక ఒత్తిడి లెక్కకు 160 పౌండ్లు వస్తుంది. మూడు అడుగుల వెడల్పు, 6 అడుగుల 8 అంగుళాల ఎత్తు ఉన్న మామూలు తలుపు వైశాల్యం 20 చదరపు అడుగులు. అంటే ఆ రెక్క మీద 3,200 పౌండ్ల భారం, ఇంచుమించు ఒక కారు బరువు, పడుతుందన్నమాట. గది ఆకారాన్నీ లోపలి గాలి పీడనాన్నీ లెక్కలోకి తీసుకుంటే ఇది ఇంకా పెరుగుతుంది. పైగా ఈ ఒత్తిడి ఒకే దిశలో ఉండదు. సుడి కదిలే కొద్దీ తలుపును లోపలికి నెట్టే గాలే, క్షణాల్లో దాన్ని బయటికి పీకే గాలిగా మారుతుంది.

దీనికి తోడు ఎగిరివచ్చే శకలాలు. అమెరికాలో ఎక్కువ ఇళ్ళు చెక్క చట్రంతో కట్టినవే కాబట్టి, ఇల్లు విచ్చిపోయినప్పుడు గాలిలోకి లేచేవి ప్రధానంగా టూ బై ఫోర్ దుంగలు, అంటే ఆ చట్రాలకు వాడే, పేరుకు రెండు అంగుళాల మందం, నాలుగు అంగుళాల వెడల్పు ఉండే పొడవాటి చెక్కలు. అందుకే షెల్టర్ల ప్రమాణమైన ఐసీసీ 500 ప్రకారం చేసే పరీక్షలో 15 పౌండ్ల టూ బై ఫోర్ దుంగను గాలి ఫిరంగితో గంటకు 100 మైళ్ళ వేగంతో తలుపు మీదికి పేలుస్తారు. అడ్డంగా ఉండే పైకప్పుకూ, నేలలోని మూతకూ ఆ వేగం 67 మైళ్ళు. రెక్క నడిమధ్యనే కాకుండా గడియల దగ్గరా, మడతబందుల దగ్గరా కూడా కొడతారు. దుంగ చొచ్చుకు రాకూడదు, తలుపు తెరుచుకోకూడదు, లోపలివైపు మూడు అంగుళాలకు మించి శాశ్వతంగా సొట్టపడకూడదు. ఈ రంగంలో పేరున్న ప్రయోగశాల టెక్సస్‌లోని లబక్‌లో ఉన్న టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయానిది. 1970 మే 11న ఆ ఊరిని తాకి 26 మందిని బలిగొన్న టోర్నడోయే అక్కడి పరిశోధనకు నాంది పలికింది.

మొదటి అడుగు: లోపలికి వెళ్ళేవారెవరో లెక్క వేసుకోండి

తలుపు నమూనాల పుస్తకం తెరిచే ముందు, హెచ్చరిక మోగిన రాత్రి ఆ తలుపు దాటవలసిన మనుషులు ఎవరెవరో రాసుకోండి. మన ఇళ్ళలో ఇది చాలా ముఖ్యం. ఈ రాష్ట్రాల్లో టోర్నడోలు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. మన అమ్మానాన్నలూ అత్తమామలూ విజిట్‌కు వచ్చి ఉండే రోజులు చాలా ఇళ్ళలో సరిగ్గా అవే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు నిటారుగా ఉన్న మెట్లు దిగగలరా, నెలల పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి ఒక చేత్తో తలుపు లాగగలదా, భర్త ఊళ్ళో లేనప్పుడు ఇంట్లో మిగిలినవారు గడియలు వేయగలరా అన్నవే ఇక్కడ అసలు ప్రశ్నలు. మిగిలిన నెలల్లో ప్రమాదం లేదనుకోవడానికీ లేదు. డల్లాస్ శివార్లలోని గార్లండ్, రౌలెట్ పట్టణాలను ఈఎఫ్4 (సున్నా నుంచి ఐదు దాకా ఉండే తీవ్రత కొలమానంలో 4) టోర్నడో ధ్వంసం చేసింది 2015 డిసెంబరు 26న, క్రిస్మస్ సెలవుల్లో ఇంటినిండా చుట్టాలుండే సమయంలో.

చక్రాల కుర్చీ గానీ వాకర్ గానీ వాడేవారు ఉంటే, తలుపు తెరిచాక కనీసం 32 అంగుళాల ఖాళీ దారి ఉండాలి, గుమ్మం దగ్గర ఎత్తయిన గట్టు ఉండకూడదు. ఇంటి షెల్టర్‌లో మనిషికి మూడు చదరపు అడుగుల చోటు చాలునని ప్రమాణాలు లెక్కకట్టినా, తలుపు లోపలికి తెరుచుకునేదైతే రెక్క తిరిగే స్థలంలో ఎవరూ నిలబడలేరు కాబట్టి ఆ మేరకు గది కొంచెం పెద్దది తీసుకోవాలి.

రెండవ అడుగు: నేల కిందా, నేల మీదా?

ఉత్తర టెక్సస్‌లో నేల బంకమన్ను. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే స్వభావం దానిది. అక్కడి ఇళ్ళు ఎక్కువగా కాంక్రీటు స్లాబు మీద కట్టినవి, బేస్‌మెంట్లు అరుదు. అందువల్ల ఇంటివారి ముందుండే దారులు ప్రధానంగా మూడు: గ్యారేజీ స్లాబు కోసి నేలలో దించే ఉక్కు పెట్టెకు జారుడు మూత, గ్యారేజీలోనో ఇంట్లోనో స్లాబుకు బోల్టులతో బిగించే ఉక్కు గదికి నిలువు తలుపు, కొత్తగా ఇల్లు కడుతున్నప్పుడైతే ఒక క్లాజెట్‌నో బాత్‌రూమ్‌నో కాంక్రీటుతో గానీ, ఉక్కు రేకు వేసిన పటిష్ఠమైన చెక్క గోడలతో గానీ కట్టించి దానికి పెట్టే ప్రత్యేకమైన తలుపు.

నేలలోని పెట్టె గాలి దెబ్బకు అతి తక్కువగా గురవుతుందన్నది నిజమే. దాని మూత పక్కకు జరిగి తెరుచుకుంటుంది కాబట్టి పైన కారు నిలిపి ఉన్నా కిందికి దిగవచ్చు. అయినా ఇంట్లో పెద్దవారుంటే నేను నేల మీది గదికే ఓటు వేస్తాను. నిచ్చెనలాంటి మెట్ల మీద చీకట్లో, కంగారులో దిగడం అరవై దాటినవారికి చిన్న విషయం కాదు. అంతేకాక జారుడు మూత పట్టాల్లో ఇసుక, ఎండుటాకులు, తుప్పు చేరితే మూత బిగుసుకుపోతుంది. కారు నుంచి పెట్రోలు కారితే దాని ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి కిందికే దిగుతుంది. ఇల్లు కూలి మూత మీద పడితే దాన్ని జరపడం కష్టమవుతుంది కాబట్టి, నేలలోని షెల్టర్ లోపల జాకీ, గునపం తప్పనిసరిగా ఉండాలి. వరద ముంపు ఉన్న స్థలమైతే నేలలోని షెల్టర్ ఆలోచననే పక్కన పెట్టాలి. ప్రమాణాలకు తగినట్టు కట్టి, పరీక్షించిన తలుపు పెట్టినప్పుడు నేల మీది గది కూడా అతి తీవ్రమైన టోర్నడోలనుంచి దాదాపు సంపూర్ణ రక్షణ ఇస్తుందని ఫెమా చెబుతోంది. కాబట్టి భూగర్భంలో ఉంటేనే బతుకుతామన్న భయం పెట్టుకోనక్కరలేదు.

మూడవ అడుగు: తలుపు రెక్కను కాదు, మొత్తం సెట్టును కొనండి

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది గుర్తుపెట్టుకోండి. ప్రయోగశాలలో పరీక్షకు నిలిచేది రెక్క ఒక్కటే కాదు. రెక్క, ఉక్కు చట్రం, మడతబందులు, గడియలు, వాటి స్క్రూలు, చట్రాన్ని గోడకు పట్టించిన బోల్టులు అన్నీ కలిసి ఒక సెట్టుగా పరీక్షకు నిలుస్తాయి. వాటిలో ఏ ఒక్కటి మార్చినా అది పరీక్షించని తలుపే అవుతుంది.

ఎందుకో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఉక్కు తలుపును చేత్తో తట్టితే డొల్లగా మోగుతుంది. పైన పలుచని రేకు, లోపల నురుగు, అంచుల్లో చాలాసార్లు చెక్క బద్ద. గడియ నాలుక అంగుళం మేర బయటికి వచ్చి, రెండు పొట్టి స్క్రూలతో చెక్క చట్రానికి బిగించిన పలుచని పట్టీలోకి దూరుతుంది. ఆ పట్టీ వెనక ఉన్నది మెత్తని పైన్ చెక్క. గంటకు 100 మైళ్ళ వేగంతో వచ్చే దుంగ గడియ దగ్గర తగిలితే రెక్క చిరగకముందే ఆ చెక్క చీలిపోతుంది. షెల్టర్ తలుపు అంచు అలా ఉండదు. దళసరి ఉక్కు రేకు అంచు చుట్టూ మడిచి వెల్డు చేసి ఉంటుంది, గడియలు సాధారణంగా మూడు చోట్ల ఉక్కు చట్రంలోకే దిగుతాయి, మూడు బరువైన మడతబందులు వాటికి ఎదురుగా అంతే బలంతో పట్టుకుంటాయి. ఫెమా తొలినాటి నమూనాలు 14 గేజి (రేకు మందాన్ని చెప్పే కొలత) ఉక్కు రేకు, మూడు మడతబందులు, మూడు డెడ్‌బోల్టులు (పిడి తిప్పితే చట్రంలోకి దిగే గట్టి గడియలు) అని చెప్పేవి. అది చదివిన కొందరు ఇప్పటికీ అవే భాగాలు విడివిడిగా కొని వడ్రంగిచేత అమర్పించుకుంటారు. అలా చేయకండి. భాగాల పేర్లు కలిసినంత మాత్రాన పరీక్షలో నెగ్గిన తలుపు తయారు కాదు.

‘హరికేన్ తలుపు’, ‘ఫైర్ రేటెడ్’, ‘బుల్లెట్ ప్రూఫ్’ అన్న పేర్లు చూసి కూడా మోసపోవద్దు. అవి వేరే ప్రమాదాలకు వేరే పరీక్షలు. ఉదాహరణకు ఫ్లోరిడాలోని మయామి-డేడ్ పరీక్షలో 9 పౌండ్ల దుంగను గంటకు 34 మైళ్ళ వేగంతో కొడతారు. లెక్క కడితే టోర్నడో పరీక్షలోని దెబ్బ శక్తి దానికి పద్నాలుగు రెట్లు. ఆ తలుపు తీరప్రాంతపు ఇంటికి మంచిదే, షెల్టర్‌కు మాత్రం చాలదు.

నాలుగవ అడుగు: అమ్మేవారిని అడగవలసిన కాగితాలు

ఫెమా ఏ కంపెనీ షెల్టర్‌నూ, ఏ తలుపునూ ఆమోదించదు, ధ్రువీకరించదు, సిఫార్సు చేయదు. కాబట్టి ‘ఫెమా అప్రూవ్డ్’ అన్న స్టిక్కర్ కనబడితే దాన్ని భరోసాగా కాకుండా, మరింత గట్టిగా ప్రశ్నించడానికి కారణంగా తీసుకోండి. సరైన మాట ఏమిటంటే, ఈ తలుపు ఐసీసీ 500 ప్రమాణం ప్రకారం, ఫెమా పీ-361 మార్గదర్శకాలకు తగినట్టు స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షించబడింది అన్నది. ఆ మాట నోటితో కాక కాగితం మీద ఉండాలి.

పరీక్ష నివేదిక ఇవ్వమని అడిగి, అది చేతికి వచ్చాక నాలుగు విషయాలు చూడండి. గాలి వేగం 250 మైళ్ళని ఉందా? దుంగ దెబ్బ పరీక్షతో పాటు గాలి ఒత్తిడి పరీక్ష కూడా చేశారా? పరీక్షించిన తలుపు కొలత మీరు కొంటున్న దానికి సరిపోతుందా? ఎందుకంటే చిన్న తలుపు నెగ్గిన పరీక్ష, అంతకంటే వెడల్పయిన తలుపుకు వర్తించదు. రెక్క ఎటు తెరుచుకునే అమరికలో, ఎలాంటి గోడలో పెట్టి పరీక్షించారు? ఇవేవీ లేకుండా రంగుల బ్రోచరూ, ఫిరంగి వీడియో మాత్రమే చూపిస్తే ఆ అమ్మకందారుకు మర్యాదగా నమస్కారం చెప్పి బయటికి రావడం మేలు. తయారీదారులు ఎన్‌ఎస్‌ఎస్‌ఏ అనే జాతీయ స్టార్మ్ షెల్టర్ సంఘంలో సభ్యులై, దాని ముద్ర ఉన్న షెల్టర్ అమ్ముతుంటే అది మంచి సూచనే. అయినా నివేదిక అడగడం మానవద్దు.

రిబేటు, అంటే షెల్టర్ ఖర్చులో కొంత తిరిగి ఇచ్చే సాయం, ఆశించేవారికి ఈ కాగితాల అవసరం ఇంకా ఎక్కువ. ఓక్లహోమాలో సూనర్‌సేఫ్, డల్లాస్ చుట్టుపక్కల జిల్లాల్లో నార్త్ సెంట్రల్ టెక్సస్ సేఫ్ రూమ్ రిబేటు లాంటి కార్యక్రమాలు నడిచాయి; ఇప్పుడు ఉన్నాయో లేదో కనుక్కోండి. ఇలాంటి వాటికి ఫెమా ప్రమాణాలకు తగిన షెల్టరే అర్హమవుతుంది. ముందుగా పేరు నమోదు చేసుకుని, అనుమతి వచ్చాకనే పని మొదలుపెట్టాలి.

ఐదవ అడుగు: తలుపు ఎటు తెరుచుకోవాలి?

బయటికి తెరుచుకునే తలుపును గాలి లోపలికి నెట్టినప్పుడు రెక్క చట్రానికి ఆనుకుని నిలుస్తుంది, దుంగ దెబ్బ కూడా చట్రం మొత్తానికి పంచుకుపోతుంది. అయితే గాలి బయటికి పీకేటప్పుడు భారమంతా గడియల మీదా మడతబందుల మీదా పడుతుంది. లోపలికి తెరుచుకునే తలుపుకు ఇది తలకిందులు: బయటినుంచి వచ్చే ప్రతి దెబ్బనూ గడియలే మోయాలి. కాబట్టి బలం దృష్ట్యా బయటికి తెరుచుకునేదే మేలనిపిస్తుంది.

కానీ టోర్నడో వెళ్ళిపోయాక ఇంకొక ప్రశ్న ఎదురవుతుంది. ఇంటి కప్పు, ఇటుకలు, పక్కింటి సామాను అన్నీ తలుపు ముందు గుట్టగా పడి ఉంటే బయటికి నెట్టే తలుపు కదలదు. లోపలికి తెరుచుకునే తలుపును లోపలివారే తెరుచుకుని, అడ్డాన్ని తొలగించుకోవడమో సహాయం కోసం కేకవేయడమో చేయవచ్చు. నేల మీది గదికి, లోపల చోటు చాలితే, లోపలికి తెరుచుకునే అమరికలోనే పరీక్ష నెగ్గిన తలుపునే నేను ఎంచుకుంటాను. ఒకే కంపెనీ తలుపైనా బయటికి తెరుచుకునే అమరికలో నెగ్గిన నివేదికను చూపించి లోపలికి తెరుచుకునేలా బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. గోడ బయట పట్టాల మీద పక్కకు జరిగే తలుపులు చోటును ఆదా చేస్తాయి కానీ, పట్టా వంగితే బిగుసుకుపోయే అవకాశాన్ని అమ్మేవారితో ముందే చర్చించండి.

ఆరవ అడుగు: గడియలు వేసే చేతులు

గడియలన్నీ లోపలినుంచి తాళంచెవి అవసరం లేకుండా తిరగాలి. కొన్ని తలుపులకు మూడు డెడ్‌బోల్టులు విడివిడిగా ఉంటాయి. కొన్నింటికి ఒకే పిడి తిప్పితే పైనా, మధ్యనా, కిందా ఒకేసారి పడతాయి. ధర ఎక్కువైనా రెండవ రకమే కుటుంబాలకు తగినదని నా నమ్మకం. విడివిడి బోల్టులున్న తలుపును సగం వేసి వదిలేసే ప్రమాదం ఉంది. మధ్య గడియ ఒక్కటి వేసి కూర్చుంటే పరీక్షలో నెగ్గిన తలుపు కూడా ఆ బలం చూపించలేదు.

షోరూమ్‌కు వెళ్ళేటప్పుడు ఇంట్లో అందరికంటే బలహీనమైన చేతులున్నవారిని వెంట తీసుకెళ్ళండి. అమ్మనే ఆ గదిలో నిలబెట్టి, కళ్ళు మూసుకుని తలుపు లాగి గడియలు వేయమనండి. రెక్క బరువు ఆమెను ముందుకు లాగుతోందా, పిడి ఆమె భుజం ఎత్తుకు అందుతోందా, కీళ్ళ నొప్పులున్న వేళ్ళకు చిన్న గుండ్రని తిప్పుడు పిడి పట్టు చిక్కుతోందా, గడియ పూర్తిగా పడిందని చేతికి తెలుస్తోందా అన్నవి అక్కడే బయటపడతాయి. కరెంటు పోయిన రాత్రి ఆమె చేయవలసింది ఇదే పని. పదేళ్ళ పిల్లలకూ ఇదే పరీక్ష పెట్టండి. బయటినుంచి తాళం వేసే ఏర్పాటు ఉంటే, ఆడుకుంటూ లోపలికి వెళ్ళిన పిల్లలు చిక్కుకుపోకుండా లోపలినుంచి అన్నివేళలా తెరుచుకునేదై ఉండాలి.

ఏడవ అడుగు: బిగించే రోజు దగ్గరుండి చూడవలసినవి

పనివారు వచ్చే ముందే తయారీదారు అమరిక సూచనల పత్రం తెప్పించుకుని చదవండి. ఎన్ని బోల్టులు, ఎంత మందం, కాంక్రీటులోకి ఎంత లోతు అన్నవి అందులో ఉంటాయి. బిగించేటప్పుడు లెక్కపెట్టి చూడండి, ఫొటోలు తీసి ఉంచుకోండి. కాంక్రీటు బ్లాకు గోడైతే చట్రం పక్కన ఉన్న డొల్లల్లో కాంక్రీటు నింపారో లేదో అడగండి. చట్రానికీ గోడకూ మధ్య సందు ఎక్కువగా ఉంటే చెక్క చీలికలు దూర్చి సరిపెట్టనివ్వవద్దు. నేల మీది ఉక్కు గదిని బిగించే స్లాబు సరిపడా మందం ఉన్నదేనా, అందులో పోస్ట్ టెన్షన్ తీగలు (కాంక్రీటు లోపల బిగువుగా లాగి ఉంచిన ఉక్కు తీగలు) ఎక్కడున్నాయి అన్నది రంధ్రాలు వేయకముందే తేలాలి. ఆ తీగ తెగితే ఇంటి పునాదికీ, పనిచేసేవారికీ కూడా ప్రమాదం. నగరపాలక అనుమతి, కాలనీ సంఘం అనుమతి ముందే తీసుకోవాలి.

బిగించాక తలుపుకు ఎలాంటి మార్పూ చేయవద్దు. బయట ఎవరున్నారో చూడటానికి కన్నం వేయడం, నచ్చిన పిడి మార్చడం, టైల్స్ వేశాక రాసుకుంటోందని కింది అంచు కోయడం, ఇంటర్నెట్ తీగ కోసం చట్రంలో రంధ్రం పెట్టడం, ఇవన్నీ కొన్న నివేదికను చేజేతులా రద్దు చేసుకోవడమే.

తరువాత ఏటా చేయవలసినవి

ఫిబ్రవరి చివర, సీజన్ మొదలవకముందే తలుపును తెరిచి మూసి, గడియలన్నీ పూర్తిగా దిగుతున్నాయో లేదో చూడండి. బంకమన్ను నేల కదలడం వల్ల చట్రం కొద్దిగా వంగినా గడియ రంధ్రాలు తప్పుతాయి. తుప్పు కనబడితే శుభ్రం చేసి, తయారీదారు చెప్పిన నూనె మాత్రమే వేయండి. తలుపు తిరిగే దారిలో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, పిల్లల సైకిళ్ళు చేరకుండా చూసుకోండి. మన గ్యారేజీల్లో ఇది నిజంగా పెద్ద సమస్య. లోపల టార్చి, నీళ్ళు, ఈల, గట్టి చెప్పులు, పెద్దవారి మందుల జాబితా పెట్టండి.

మీ ఊరి అగ్నిమాపక శాఖ గానీ అత్యవసర సేవల కార్యాలయం గానీ షెల్టర్ల నమోదు చేస్తుంటే, చిరునామాతో పాటు షెల్టర్ ఇంట్లో ఏ మూల ఉందో, తలుపు ఎటువైపు ఉందో కూడా రాసి ఇవ్వండి. ఇండియాలో ఉన్న అన్నదమ్ములకో, వేరే ఊళ్ళోని స్నేహితులకో కూడా ఆ వివరం పంపి ఉంచండి. టోర్నడో నిజంగా తాకి తలుపుకు ఏదైనా బలంగా తగిలితే, పైకి చిన్న సొట్టలా కనిపించినా మళ్ళీ వాడే ముందు తయారీదారుకు చూపించాలి. ఒకసారి దెబ్బ తిన్న రెక్కనో చట్రాన్నో సాపు చేయించి రంగు వేయించడం కాక, పరీక్షించిన కొత్త సెట్టుతో మార్పించాలి.